డిస్లెక్సియాగల పిల్లల చదువు – రాష్ట్రేతరాంధ్రుల కర్తవ్యము

విన్న పద్యమును మరునాడే తప్పులేకుండ అప్పగింపగలవాడు, అంగడికి పంపిన చిల్లర లెక్క సరిగా తేగలవాడు, తాతగారు చెప్పిన కథను పొల్లుపోకుండ తిరిగి చెప్పగలవాడు వాచకము తెరవగానే తడబడును. చదివిన పంక్తినే మరల చదువును. పై పంక్తిలో చూచిన మాటనే క్రింది పంక్తిలో గుర్తింపలేడు. ఇట్టి బాలుడో బాలికయో లేని పాఠశాల అరుదు. ఇట్టివారికి లోకము పెట్టిన పేర్లు మూడు: సోమరి, మందమతి, శ్రద్ధలేనివాడు. ఈ మూడు పేర్లును తప్పులేయని వైద్యులును విద్యావేత్తలును నూరేండ్లకు పైగా చెప్పుచున్నారు. ఆ పిల్లల ఇబ్బందికి శాస్త్రము పెట్టిన పేరు డిస్లెక్సియా. గ్రీకుభాషలో 'కష్టము', 'పదము' అను అర్థములుగల రెండు ముక్కల కలయికవలన ఏర్పడిన మాట యిది. తెలుగున దీనిని పఠనక్లేశము అనవచ్చును.

తరతరములుగా కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ ఇబ్బందికి మరియొక కారణము కల్పింపబడుచున్నది. "ఇంట ఒక భాష, బడిలో మరొక భాష, అందుచేతనే వెనుకబడినాడు" అందురు. ఆ వెంటనే వచ్చు సలహా తెలుగు మానిపింపుమనునది. సోలాపురపు నేతవారి యింటనైనను, హోసూరు రైతు కుటుంబముననైనను, బరంపురపు వర్తకుని యింటనైనను, బరువు తగ్గింపవలసివచ్చినప్పుడు మొదట దింపబడునది తెలుగే. ఈ సలహా ఎంతవరకు యుక్తము? దీనికి సమాధానము చెప్పవలెనన్న డిస్లెక్సియా యెట్టిదో, తెలుగు లిపిలో అది ఏ రూపమున కనబడునో, ఇరుగుపొరుగు లిపులలో ఎట్లు మారునో ముందుగా తెలిసికొనవలెను.

ఇబ్బంది స్వరూపము

1877లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్, మాటలాడుటకును చూచుటకును శక్తి యుండియు అచ్చుమాటను మాత్రము చదువలేని రోగులను గూర్చి వ్రాసి, ఆ స్థితికి 'పదాంధత్వము' అని పేరిడెను. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అను నేత్రవైద్యుడు డిస్లెక్సియా అను మాటను వాడుకలోనికి తెచ్చెను. వీరు చూచినవారు మెదడునకు దెబ్బ తగిలిన పెద్దలు. పుట్టుకతోనే ఈ ఇబ్బందిగల బాలుని గూర్చి 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. ఆ బాలునికి 14 ఏండ్లు. లెక్కలలో దిట్ట. అయినను తన పేరులోని అక్షరములనే తారుమారు చేసి వ్రాసెడివాడు. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో ఇతడే అందరిని మించువాడని అతని ఉపాధ్యాయుని అభిప్రాయము.

తొలినాళ్ళలో దోషము కంటిలో ఉన్నదని తలచిరి. తరువాతి పరిశోధనలు దృష్టిని కంటినుండి చెవివైపునకు, చెవినుండి మెదడులోని భాషాస్థానములవైపునకు మరల్చినవి. మాట మనుష్యునికి వినికిడివలననే అబ్బును. వ్రాత మాత్రము నేర్పినగాని రాదు. చదువుటకు పూనుకొన్న పిల్లవాడు నోటిమాటను ధ్వనులుగా విడదీయవలెను. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తును జతపరుపవలెను. ఆ జతలను తడుముకొనకుండ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. డిస్లెక్సియాగల పిల్లలలో చాలమందికి ఈ విడదీయుటయు జతపరచుటయు కష్టము. ఇది తరచు ఒకే కుటుంబమున పలువురికి కనబడును. తెలివితేటలకు దీనితో సంబంధము లేదు. కంటి అద్దములు దీనిని పోగొట్టవు. రెండు భాషలు మాటలాడుటవలన ఇది పుట్టదు.

తెలుగు లిపిలో దీని రూపము

తెలుగు వ్రాసినట్లు చదువబడు లిపియనియు, కావున ఇందు చదువు కష్టమే యుండదనియు పలువురి తలంపు. ఇందు సగము నిజము కలదు. ఇంగ్లీషులోవలె ఒకే గుర్తు నాలుగు విధముల పలుకు చిక్కు తెలుగున లేదు. కాని గుర్తుల సంఖ్య విస్తారము. ముప్పదికి పైబడిన హల్లులు, ఒక్కొక్క హల్లునకు పదునైదింటి వరకు గుణింతపు రూపములు, వాటిపై వత్తులు: ఇవి కలిసి వందల సంఖ్యకు చేరును. తెలుగునకు సోదరి యగు కన్నడ లిపిని నేర్చుకొను పిల్లలపై సొనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరములన్నియు పట్టుబడుటకు ప్రాథమిక తరగతులలో పెక్కు సంవత్సరములు పట్టునని చూపినది. ఇంగ్లీషు పిల్లలు ఇరువదియారు అక్షరములను ఒక్క ఏడాదిలో గుర్తుపట్టుటతో దీనిని పోల్చరాదు.

రెండవ చిక్కు పోలికలది. ద, ధ, బ, భ, ప, ఫ, ష, ఒ, ఓ మొదలగువానికి భేదము చిన్న గీతలోనో, పొట్టలోని చుక్కలోనో ఉండును. పైగా వాడుకలో ఒత్తక్షరములను పెక్కుమంది తేలికగానే పలుకుదురు. 'ధనము' అను మాటను ఇంట 'దనము' అనియే వినిన పిల్లవానికి చెవి సాయపడదు. కన్ను ఒక్కటియే ఆధారము.

మూడవ చిక్కు మిక్కిలి ముఖ్యమైనది. 'భక్తి' అను మాటను చూడుడు. చెవికి వినబడు క్రమము క్, త్, ఇ. కంటికి కనబడు క్రమము వేరు: ఇకారపు గుడి కకారముమీద నుండును, తకారము వత్తుగా క్రిందికి దిగును. అనగా క్రిందనున్న హల్లును ముందుగా పలికి, పైనున్న గుడిని ఆ తరువాత పలుకవలెను. ధ్వనులను విడదీయగల పిల్లవానికి ఇది కొన్నాళ్ళలో అలవాటగును. డిస్లెక్సియాగల పిల్లవాడు 'భకితి' అనియో, 'భతి' అనియో, 'భక్కి' అనియో చదువును; వ్రాయునపుడు వత్తును మరచును, లేదా ఒకదానికి మరియొకటి పెట్టును. తప్పు సరిగా ఈ తావుననే పడుచున్నదని గమనించిన ఉపాధ్యాయుడు సగము రోగనిర్ణయము చేసినవాడగును.

వ్రాసినట్లు చదువబడు లిపులలో డిస్లెక్సియా తప్పులకన్న ఆలస్యము రూపమున ఎక్కువగా బయటపడును. 2001లో పౌలేసు మొదలగు పరిశోధకులు ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల విద్యార్థులను పరీక్షించిరి. నిలకడైన లిపిగల ఇటలీవారు తప్పులు తక్కువగా చేసిరి. కాని మెదడులో మందగించి పనిచేయు స్థానము మూడు దేశముల వారియందును ఒక్కటియే. తెలుగు పిల్లవాడు కూడబలుకుకొని తప్పులేకుండ చదివినను, పేరా పూర్తియగునప్పటికి అర్థము జారిపోవునంత ఆలస్యముగా చదువుచుండినచో, ఆ ఆలస్యమును గూడ గమనింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇరుగుపొరుగు లిపులు

రాష్ట్రేతరాంధ్ర బాలునికి ఈ తెలుగు లిపితోపాటు మరి రెండు లిపులైన ఎదురగును. ప్రతి లిపియందును కన్నును చెవియు వేరుపడు తావులు కొన్ని గలవు. దేవనాగరిలో హ్రస్వ ఇకారపు గుర్తు హల్లునకు ముందు వ్రాయబడి తరువాత పలుకబడును. ముంబయి, సోలాపురము, భివండి ప్రాంతముల తెలుగు పిల్లలకు మరాఠీలో ఇది ఎదురగును. ఒరియాలో ఏకారపు గుర్తు హల్లునకు ఎడమవైపున నుండును. తమిళములో ఎ, ఏ, ఐ గుర్తులును అట్టివే. పైగా క, గ ధ్వనులకు ఒకే అక్షరము, త, ద ధ్వనులకు ఒకే అక్షరము. కన్నడ లిపి తెలుగునకు అతిసన్నిహితము. గ, ద వంటివి దాదాపు ఒక్కటే. క, త, శ వంటివి వేరు. సగము పోలికయు సగము భేదమును గల ఈ స్థితి సాధారణ బాలునికి మేలు చేయును. అక్షరరూపము మనస్సున నిలువని బాలునికి తికమక కలిగించును.

ఒక లిపిలో బయటపడిన ఇబ్బంది మరియొకదానిలో కనబడకపోవచ్చును. 1999లో వైడెల్, బటర్‌వర్త్ అను పరిశోధకులు ఒక 16 ఏండ్ల బాలుని వృత్తాంతము ప్రకటించిరి. ఇంట ఇంగ్లీషు, వెలుపల జపానీభాష వినుచు పెరిగిన ఆ బాలుడు జపానీని చక్కగా చదువును. ఇంగ్లీషు చదువుటలో మాత్రము తీవ్రమైన డిస్లెక్సియా. కావున ఇంగ్లీషు వాచకమును మాత్రమే ముందుంచి చేయు పరీక్ష తెలుగు బాలుని స్థితిని పూర్తిగా తెలుపదు. తెలుగు చదువును మాత్రమే చూచి చేసిన నిర్ణయమును అట్టిదే.

అలవాటులేమియా, డిస్లెక్సియాయా?

భాష కొత్తయగుటచేత కలుగు తప్పులను, డిస్లెక్సియావలన కలుగు తప్పులను వేరుపరచుట రాష్ట్రేతర కుటుంబములకు అత్యవసరము. ఇందుకు కొన్ని సూచనలు గలవు.

మొదటిది: కొత్తభాషవలన వచ్చు తప్పునకు ఒక పద్ధతి యుండును. తమిళబడిలో చదువు తెలుగు బాలుడు తెలుగు పలుకుబడినే తమిళములోనికి దించును. అట్టి తప్పు ఊహింపదగినది, చదివినకొలది తగ్గునది. డిస్లెక్సియాగల బాలుడు ఒకే పుటలో ఒకే మాటను మూడు విధముల వ్రాయును.

రెండవది: కొత్తభాష ఇబ్బంది ఆ ఒక్క భాషలోనే యుండును, మాటలాడుటలోను కనబడును. డిస్లెక్సియాగల బాలుడు ధారాళముగా మాటలాడు భాషలోనే చదువలేకపోవును.

మూడవది: అదే యింట, అదే బడిలో చదివిన అన్నయో, అక్కయో, పినతండ్రి పిల్లలో ఆ వయస్సున చదువగలిగిరా? వారు చదువగలిగి ఇతడొక్కడే చదువలేనిచో, నింద భాషలమీద మోపరాదు.

నాలుగవది: వల్లెవేసిన పాఠమును చదువుగా భ్రమింపరాదు. జ్ఞాపకశక్తిగల బాలుడు పుటలోని బొమ్మ చూచి పాఠమంతయు ఒప్పగించును. అదే పాఠమును చివరి మాటనుండి మొదటివైపునకు చదివింపవలెను. 'మిగపు', 'తొలికె' వంటి అర్థములేని మాటలు వ్రాసి ఇచ్చి పలికింపవలెను. గుర్తును చూచి ధ్వనిని పలుకు శక్తి కలదో లేదో అప్పుడు తేలును.

ఇవి యన్నియు ఇంటివారును ఉపాధ్యాయులును చేయదగిన ప్రాథమిక పరిశీలనలు మాత్రమే. మొదట చూపును వినికిడిని వైద్యునిచే పరీక్షింపజేసి, పిదప మనస్తత్వ పరీక్షకుల యొద్దకు తీసికొనిపోవలెను. పరీక్షకుడు పిల్లవానితో తెలుగున మాటలాడగలవాడైన మేలు. కానిచో దుబాసియైన ఉండవలెను. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రము భారతీయ భాషలకై సిద్ధపరచిన 'డాలి' అను పరీక్షాసామగ్రి 2015లో వెలువడినపుడు హిందీ, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషు అను నాలుగు భాషలకు ఏర్పడినది. అనగా కర్ణాటక, మహారాష్ట్రలలోని తెలుగు బాలునికి బడిభాషలో పరీక్ష లభించెను. ఆ ఫలితముతోపాటు ఇంటిభాషలోని శక్తిని గూడ గణింపుమని అడుగు భారము తల్లిదండ్రులపై నున్నది. యానాము పిల్లలు తెలుగునాట నడుమనే యున్నను, వారి పరిపాలనకేంద్రమగు పుదుచ్చేరి దూరమున తమిళ ప్రాంతమున గలదు. వారును తెలుగున పరీక్ష జరుపుమని కోరుట న్యాయమే.

బోధనా విధానము

డిస్లెక్సియాకు మందు లేదు, బోధనయే మందు. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ 1925నుండి చేసిన పరిశీలనలను ఆధారము చేసికొని, అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ అను ఇరువురు 1930వ దశకమున ఒక బోధనాక్రమమును సిద్ధపరచిరి. కన్ను, చెవి, చేయి మూడింటిని ఒక్కమారే పనిచేయించుట దాని సారము. అక్షరమును చూచుచు, దాని ధ్వనిని పలుకుచు, వ్రేలితో దిద్దవలెను.

తెలుగువారి వీధిబడిలో ఇసుకమీద ఓనమాలు దిద్దించు పద్ధతియు ఇట్టిదే. మద్రాసులోని అనాథబాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్, ఆ పరిసరముల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో ఆ అనుభవమును లండనులో ప్రకటించెను. అయితే వీధిబడిలో ఇసుకతోపాటు బెత్తమును ఉండెడిది. ఇసుకను తీసికొని బెత్తమును విడువవలెను.

తెలుగు నేర్పునపుడు పాటింపదగిన క్రమమిది. వర్ణమాల యంతయు ఒక్కపెట్టున వల్లెవేయింపక, వారమునకు మూడు నాలుగు అక్షరములు మాత్రము నేర్పవలెను. పోలికగల అక్షరములను వెంటవెంట నేర్పరాదు. ద బాగుగా కుదిరిన చాల దినములకుగాని ధ జోలికి పోరాదు. గుణింతములో ఒక్క గుర్తును మాత్రము తీసికొని తెలిసిన హల్లులన్నిటికిని చేర్పవలెను. గుడి నేర్చిన దినమున గిలక, పిడక, మిడత వంటి మాటలు చదివింపవలెను. వత్తులలో ముందుగా అమ్మ, అక్క, అన్న అను ద్విత్వములు. తరువాత పిల్లి, బల్లి. ఆపైననే భక్తి, పుస్తకము. కొత్త వత్తు వచ్చినప్పుడెల్ల మాటను మొదట నోట విడదీయించి, క్, త్, ఇ అని చెవికి వినిపించి, పిదప వ్రాత చూపవలెను.

చెవికి పదును పెట్టుటకు వాచకము అక్కరలేదు. ఒకే అక్షరముతో మొదలగు మాటలు చెప్పుట, 'కలము'లోని మొదటి అక్షరము తీసివేసిన ఏమి మిగులునని అడుగుట, ప్రాస కలిసిన మాటలు వెదకుట: ఇట్టి ఆటలను అమ్మమ్మలు, నాయనమ్మలు పనులు చేసికొనుచునే ఆడింపవచ్చును.

అభ్యాసము దినమునకు పదునైదు ఇరువది నిమిషములు చాలును; కాని దినదినము జరుగవలెను. తప్పిన మాటను నూరుమారులు వ్రాయించుటవలన తప్పే స్థిరపడును. తరగతిలో అందరియెదుట నిలువబెట్టి చదివించుట మానవలెను. చరిత్ర, విజ్ఞానము వంటి పాఠములను ఇంటివారు చదివి వినిపింపవలెను. చదువురాని కారణమున జ్ఞానము ఆగిపోరాదు. తెలిసిన సంగతిని నోట చెప్పించి మార్కు వేయు అవకాశమున్నచోట అట్లే చేయవలెను.

చట్టమిచ్చిన హక్కులు

1995నాటి వికలాంగుల చట్టములో ఈ ఇబ్బందికి స్థానము లేదు. 2016లో పార్లమెంటు చేసి, 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనికి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొనినది. అందు నిర్దిష్ట అభ్యసన వైకల్యములును, వానిలో డిస్లెక్సియాయును చేరినవి. ఇట్టి పిల్లలను వీలైనంత త్వరలో గుర్తించి తగిన బోధన కల్పించుట పాఠశాలల విధియని చట్టము చెప్పుచున్నది. పరీక్షలలో అధిక సమయము, వ్రాయసకాని సహాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగు మార్పులు చేయవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములు ధ్రువపత్రము ఎనిమిదేండ్లు నిండినవారికే ఇవ్వవలెననియు, 14, 18 ఏండ్ల వయస్సులలో మరల పరీక్షింపవలెననియు నిర్ణయించినవి. అదే సంవత్సరము పరీక్షలనుగూర్చి వెలువడిన మార్గదర్శకములు వ్రాయసకాని ఉపయోగించువారికి గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము నిర్దేశించినవి. ధ్రువపత్రమునకు ఎనిమిదేండ్లు నిండవలసియున్నను, సహాయమునకు అంతవరకు వేచియుండ నక్కరలేదు. మొదటి తరగతినుండియే ప్రత్యేకబోధన ఆరంభింపవచ్చును.

భాషల మినహాయింపును గూర్చి రాష్ట్రేతరాంధ్రులు జాగరూకులై యుండవలెను. తమిళనాట 2006లో వచ్చిన చట్టము పాఠశాలలలో తమిళమును నిర్బంధవిషయముగా చేసినది. ఇతర రాష్ట్రములలోను రాష్ట్రభాషకు ప్రాముఖ్యము సహజము. ఇట్టిచోట మినహాయింపు అనగానే తెలుగును తొలగించుట సులభమైన మార్గముగా తోచును. పరీక్షాపత్రము తగ్గించుట వేరు, భాషను తీసివేయుట వేరు. మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతులు కల్పింపుమని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలను గూర్చి చెప్పినది. అందు డిస్లెక్సియాగల పిల్లలను వేరుచేయలేదు.

తెలుగు మానిపింపవలెనా?

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. డిస్లెక్సియా లిపికి సంబంధించిన ఇబ్బంది. పిల్లవానికి సమృద్ధిగా నున్న ఆస్తి నోటిమాట. ఇంట తెలుగు మాన్పించినచో కష్టము తగ్గదు. ఆస్తి మాత్రము తగ్గును. అవ్వతో మాటలాడు భాష, కథలు విన్న భాష, తన తెలివిని తాను ఎరిగిన భాష ఒక్కమారే పోవును. బడిలో ఓడిన బిడ్డ ఇంటనైన గెలుచు తావు అదియే.

అయితే మూడు లిపులను ఒక్కసారి తలకెత్తుటయు తగదు. తెలుగు బడి యున్నచోట తెలుగు లిపితోనే ఆరంభింపవలెను. లేనిచోట బడిభాష లిపి ఒక్కటి గట్టిగా కుదురునంతవరకు తెలుగు లిపిని నిలిపియుంచి, తెలుగును నోటిభాషగా సంపూర్ణముగా నడుపవలెను. పిదప మెల్లగా తెలుగు అక్షరములు ఆరంభింపవచ్చును. బళ్ళారి, కోలారు ప్రాంతముల పిల్లలకు కన్నడ లిపి కుదిరినమీదట తెలుగు లిపి మిక్కిలి చేరువ.

ఈ కార్యమున తెలుగు సంఘములు చేయదగిన పనులు పెక్కు గలవు. ఆదివారపు తెలుగు తరగతులలో చదువలేని బిడ్డను వెనుక బెంచికి పంపక, కథ చెప్పుటలో, పద్యము పాడుటలో, నాటకములో ముందు నిలుపవచ్చును. సంఘ గ్రంథాలయములు వాచకములను, కథలను సభ్యుల గొంతుతో ధ్వనిముద్రణ చేయించి ఇండ్లకు పంపవచ్చును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్, చెన్నైలోని మద్రాసు డిస్లెక్సియా సంఘము, ముంబయిలోని మహారాష్ట్ర డిస్లెక్సియా సంఘము వంటి సంస్థల తోడ్పాటుతో ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పింపవచ్చును. తెలుగు మాటలాడు పరీక్షకుల పేర్లు సేకరించి కుటుంబములకు అందజేయవచ్చును. తరగతివారీగా తెలుగు పఠనభాగములు కూర్చి ఉంచినచో, తెలుగు ఎరుగని పరీక్షకునికిని అవి ఉపకరించును.

ఇందు ఏ పనికిని పెద్ద ధనము అక్కరలేదు. ఈ యేడు సంఘపు తరగతులలో చేరిన పిల్లల పట్టిక ముందుంచుకొని, నోట బాగుగా చెప్పియు చదువుటలో వెనుకబడినవారెవరో గుర్తించుటతో దీనిని ఆరంభింపవచ్చును.